పుక్కిలిస్తే పళ్ల పాచి పోదు

తెల్లవారి లేవగానే నాలుకతో పళ్లను తడిమి చూడండి. జిగటగా, గరుకుగా ఏదో తగులుతుంది. అదే పాచి. నీళ్లతొట్టి గోడకు పట్టే పాచి కూడా ఇటువంటిదే. చెంబులతో నీళ్లు కుమ్మరించినా అది కదలదు. పీచు పెట్టి రుద్దవలసిందే.

పాచి అంటే రాత్రి తిన్న అన్నం మెతుకులు కాదు. అది బాక్టీరియా కట్టుకున్న ఇల్లు. చక్కెర నుంచి తయారుచేసుకున్న జిగురు, మాంసకృత్తులు, డి.ఎన్.ఎ. ఆ ఇంటికి సామగ్రి. డి.ఎన్.ఎ. అంటే తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు చేర్చే పదార్థమని మీకు తెలుసు. అది కణం లోపల ఉండవలసిన వస్తువు. కాని కొన్ని బాక్టీరియా చితికి చనిపోయినప్పుడు అది బయటపడుతుంది. కొన్ని బతికుండగానే దాన్ని బయటికి వదులుతాయి. ఆ పొడుగాటి పోగులు మిగిలిన బాక్టీరియాను ఒకచోట కట్టి ఉంచుతాయి. పళ్లను పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ కూడా ఈ పని చేస్తుంది.

2002లో శాస్త్రజ్ఞులు సూడోమోనాస్ అనే మరో బాక్టీరియా పెంచిన పాచి మీద, డి.ఎన్.ఎ.ను తెగగొట్టే ఎంజైము వేసి చూశారు. లేత పాచి కరిగిపోయింది. ముదిరిన పాచి అంతగా లొంగలేదు.

నోట్లోనూ ముదిరిన పాచి మొండిదే. లాలాజలంలోని కాల్షియం చేరి, గట్టిపడి, గార అవుతుంది. గార బ్రష్షుకు రాదు. దంతవైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్లు కదులుతాయని భయపడకండి. పళ్లను కదిలించేది చిగుళ్ల జబ్బే.

1965లో డెన్మార్కులో 12 మంది ఆరోగ్యవంతులు పరిశోధన కోసం పళ్లు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వాపు తగ్గింది. కనుక నెత్తురు కనిపించిందని బ్రష్షు మానకండి.

మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు రెండేసి నిమిషాలు తోమండి. చిగుళ్లూ పళ్లూ కలిసేచోట ముఖ్యం. బొగ్గు, ఇటుకపొడి వాడకండి. అవి పళ్లను అరగదీస్తాయి. మౌత్‌వాష్ బ్రష్షుకు బదులు కాదు. మందులషాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగినా పాచి పోదు.

రెండు వారాలు శ్రద్ధగా తోమినా నెత్తురు ఆగకపోతే దంతవైద్యునికి చూపించండి. మధుమేహం ఉన్నవారు అంతవరకు ఆగవద్దు. చిగుళ్ల జబ్బు ముదిరితే రక్తంలో చక్కెర అదుపులో ఉండడం కష్టమవుతుంది.