అశ్వహృదయం – అక్షహృదయం

వాహనం మనిషి కాలికి తోడుగా పుట్టింది; క్రమంగా అతని మనసుకు ముచ్చట అయింది. కారును ప్రయాణసాధనంగా మాత్రమే చూసేవారు కోకొల్లలు. దాని యంత్రనిర్మాణాన్ని, నడకను, మలుపులలో అది చూపే ఒద్దికను కావ్యాన్ని పరిశీలించినంత శ్రద్ధగా పరిశీలించేవారు కొద్దిమంది. కొత్త కారు వెలువడగానే ముందుగా పెదవి విప్పేది ఈ కొద్దిమందే. వారి మాటకు విలువ ఎంత? అది కేవలం ఆవేశమా, లేక విజ్ఞానమా? వారు మెచ్చిన వస్తువు లోకంలో నిలుస్తుందా? 2008లో అమెరికా విపణిలో ప్రవేశించిన పాంటియాక్ జీ8 అనే పెద్ద సెడాన్ చరిత్ర ఈ ప్రశ్నలకు చక్కని సమాధానం చెబుతుంది.

అసలు విషయానికి ముందు ఒక సాంకేతిక భేదాన్ని గ్రహించాలి. ఇంజన్‌లో పుట్టిన శక్తి కొన్ని కార్లలో ముందు చక్రాలను తిప్పుతుంది. కొన్నింటిలో వెనుక చక్రాలను తిప్పుతుంది. మొదటి పద్ధతిలో ఇంజన్ నుంచి వెనుకకు శక్తిని మోసుకుపోయే పొడవైన షాఫ్టు అక్కరలేదు. అందువల్ల కారు లోపల చోటు మిగులుతుంది. తయారీ ఖర్చు తగ్గుతుంది. ఇంజన్ బరువు తిరిగే చక్రాలపైనే ఉంటుంది కనుక మంచులోను, తడి నేలపైన పట్టు చిక్కుతుంది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికా కంపెనీలు క్రమంగా ఈ పద్ధతివైపు మొగ్గాయి. మన దేశంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. ఒకనాడు ప్రభుత్వ కార్యాలయాల ముందు బారులు తీరిన అంబాసిడర్ వెనుక చక్రాల కారు. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల కారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది.

అయితే వెనుక చక్రాల పద్ధతికి దాని గుణాలు దానికున్నాయి. కారు వేగం పుంజుకొనేటప్పుడు బరువు వెనుకకు వాలుతుంది. అప్పుడు నేలను గట్టిగా పట్టుకొని ముందుకు నెట్టగలిగేవి వెనుక చక్రాలే. ముందు చక్రాలకు దారి మళ్ళించే పని ఒక్కటే ఉంటుంది. లాగే పని, మళ్ళే పని ఒకే జత చక్రాలపై పడినప్పుడు, ఇంజన్ బలం ఎక్కువయ్యేకొద్దీ ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డుతగులుతాయి. బలమైన పెద్ద కారుకు వెనుక చక్రాల పద్ధతే తగినదని అభిమానులు వాదించడానికి కారణం ఇదే. వారి మక్కువకు మూలం గతకాలంపై మమకారం మాత్రమే కాదు. అందులో భౌతికశాస్త్రం కూడ ఉంది.

పాంటియాక్ జీ8 అమెరికన్ పేరుతో వచ్చినా పుట్టినది ఆస్ట్రేలియాలో. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన హోల్డెన్ కంపెనీ 2006లో విడుదల చేసిన కమొడోర్ కారుకు ఇది రూపాంతరం. అంతకు ముందటి కమొడోర్లు యూరపులోని ఓపెల్ కార్ల పునాదిపై రూపొందినవి. 2006 నాటి కారును మాత్రం ఆస్ట్రేలియా ఇంజనీర్లు మొదటినుంచి తామే రూపొందించారు. అందుకు వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా వ్యయమయింది. ఈ కారు పొడవు దాదాపు 5 మీటర్లు. అమెరికాకు వచ్చిన జీటీ రకంలో 6 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉండేది. దాని బలం 361 అశ్వశక్తి. ధర సుమారు 30 వేల డాలర్లు.

దీన్ని నడిపి చూసిన కార్ల ప్రియుల స్పందన గమనింపదగినది. వారు ప్రధానంగా మెచ్చుకొన్నది వేగాన్ని కాదు, సమతౌల్యాన్ని. ఇంత పెద్ద కారు మలుపులలో తూలకుండా, గతుకులపై ప్రయాణికులను కుదిపివేయకుండా సాగడం వారిని ఆకట్టుకొంది. స్టీరింగు ద్వారా రోడ్డు స్వభావం చేతికి తెలుస్తున్నదని, వెనుక సీటులో పెద్దవారు ముగ్గురు కూర్చోగల విశాలత ఉన్నదని వారు సంతోషించారు. ఎంతో ఎక్కువ ధర గల జర్మన్ కార్లతో దీన్ని సరితూచినవారూ ఉన్నారు.

మెచ్చుకొన్నంత మాత్రాన వారు లోపాలను కప్పిపుచ్చలేదు. బానెట్‌పై గాలి పీల్చే రంధ్రాల వలె కనిపించేవి ఉత్త అలంకారాలని, వాటిగుండా ఇంజన్‌కు గాలి చేరదని ఎత్తిచూపారు. వెనుక సీటు మడవడానికి వీలులేకపోవడాన్ని తప్పుపట్టారు. కిటికీల మీటలు తలుపులకు కాక రెండు సీట్ల నడుమ ఉండటం అసౌకర్యమన్నారు. పేరు, రూపం అమెరికన్ చరిత్రను గుర్తుచేయడం లేదని పెదవి విరిచినవారూ లేకపోలేదు. గుణంతోపాటు దోషాన్నీ పరిశీలించే ఈ స్వభావమే నిజమైన అభిమానిని వెర్రి అభిమాని నుంచి వేరు చేస్తుంది. తనకు ఇష్టమైనదాన్ని నిష్పక్షపాతంగా తూచగలవాడే సహృదయుడు.

నన్నయ తెనిగించిన ఆరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానం ఇక్కడ స్మరణకు వస్తుంది. ఋతుపర్ణ మహారాజు ఒక్క పగటిలో విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు, బాహుకుని రూపంలో ఉన్న నలుడు కృశించి కనిపించే గుర్రాలను ఎంచుకొంటాడు. రాజు సందేహిస్తాడు. రాజుకు కనిపించినది గుర్రాల బక్కతనం. నలునికి కనిపించినవి వాటి లక్షణాలు. ఆ విద్య పేరు అశ్వహృదయం. కారు తలుపు తెరవకముందే ధరను, రంగును అడిగేవారికి, దాని నడకలో లోపల జరిగే పనిని గుర్తించేవారికి ఉన్న అంతరం ఇటువంటిదే.

మరి నిపుణులు మెచ్చిన ఈ కారు ఏమయింది? 2008 జులైలో చమురు ధర పీపాకు 147 డాలర్లు తాకింది. ఆ సెప్టెంబరులో ఆర్థిక వ్యవస్థ కుదేలయింది. 2009 ఏప్రిల్ 27న పాంటియాక్ పేరునే తొలగిస్తున్నట్లు జనరల్ మోటార్స్ ప్రకటించింది. జూన్ 1న ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. జీ8 ఆ ఏడాదితోనే ముగిసిపోయింది. దీని తరువాతి తరం కారు షెవర్లే ఎస్ఎస్ పేరుతో మరల అమెరికాకు వెళ్ళింది. మరల మెప్పు పొందింది, మరల కొద్దిమందే కొన్నారు. ఆస్ట్రేలియాలో సైతం కొనుగోలుదారులు చిన్న కార్లవైపు, ఎత్తైన వాహనాలవైపు మరలిపోయారు. 1996 నుంచి 2010 వరకు ఏటా అమ్మకాలలో ప్రథమస్థానంలో నిలిచిన కమొడోర్ 2011లో ఆ స్థానాన్ని కోల్పోయింది. 2017 అక్టోబరు 20న ఎలిజబెత్ పట్టణంలోని హోల్డెన్ కర్మాగారం మూతపడింది. ఆనాటికి అక్కడ మిగిలి ఉన్న 900 మందికి పైగా కార్మికులు పని కోల్పోయారు.

ఇంత జరిగిన తరువాత అభిమానుల మాట వట్టి గాలిమాట అని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. వారు కారు మంచిదన్నారు, అది మంచిదే. అమ్ముడుపోతుందని వారు హామీ ఇవ్వలేదు. యోగ్యత వేరు, గిరాకీ వేరు. అయితే అభిమానులపై మోపదగిన అభియోగం ఒకటి ఉంది. ఇటువంటి కారు కావాలని గట్టిగా కోరినవారిలో చాలామంది దాన్ని కొత్తగా కొనలేదు. మెచ్చుకోలు ఖర్చులేని పని. కర్మాగారంలో కొలిమి చల్లారకుండా ఉండాలంటే పొగడ్త చాలదు, కొనుగోలు కావాలి. చేనేత చీరను కొనియాడి మిల్లు చీర కొనుక్కొనేవారి ప్రేమ నేతగానికి ఎంత ఆసరా అవుతుందో, ఈ ప్రేమ కార్మికునికి అంతే ఆసరా అయింది.

ఇంధనాన్ని ఎక్కువగా తాగే వాహనంపై మోజు సమంజసమా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. తక్కువ శక్తి చాలినప్పుడు ఎనిమిదింటిలో నాలుగు సిలిండర్లు విశ్రమించే ఏర్పాటు జీ8 జీటీలో ఉన్నా, చిన్న కారు పొదుపు దానికి రాదు. అయినా సమతౌల్యం, పట్టు, బ్రేకుల సామర్థ్యం వంటి అంశాలపై అభిమానులు పెంచుకొన్న పరిజ్ఞానం పెద్ద కార్లకే పరిమితం కాదు. విద్యుత్ కార్లు వచ్చాక మోటారును వెనుక చక్రాల దగ్గరే అమర్చడం సులభమయింది. షాఫ్టు బెడద తీరింది. టెస్లా మోడల్ 3 వంటి కార్లలో వెనుక చక్రాల పద్ధతి కొత్త రూపంలో తిరిగి వచ్చింది. తెలిసినవారు విలువ ఇచ్చిన గుణం ఒక వస్తువుతోపాటు నశించలేదు.

నలుని కథలో మరొక ఘట్టం ఉంది. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి తన విద్యను ప్రకటిస్తాడు. అది అక్షహృదయం, అంటే సంఖ్యాజ్ఞానం. గుర్రాల మనసు ఎరిగిన నలుడు ఆ లెక్కల విద్యను గ్రహించిన తరువాతనే అతణ్ణి పట్టిన కలి వీడిపోయాడు. వస్తువు గుణమెరిగినవారికి లెక్క తెలియాలి. లెక్క తెలిసినవారికి గుణం తెలియాలి. ఒకటి లేని రెండవది కుంటిదే. రేపు వస్తువులను రూపొందించేవారు, అమ్మేవారు, కొనేవారు కాబోయే యువతరం ఈ రెండు విద్యలనూ అభ్యసించాలి. నచ్చినదాన్ని నోటితో మెచ్చడంతో సరిపెట్టక, అది నిలవడానికి తమవంతు ఏమిటో ఆలోచించడం అలవరచుకోవాలి.