అద్దాల మధ్య ఆవిరి

మైపాడు రోడ్డులో మా అక్కావాళ్ల ఇల్లు. సముద్రం అక్కడికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అలల హోరుకి తోడు ఆదివారం బీచికొచ్చే బైకుల హోరు పడలేక మా బావ 2022లో కిటికీలన్నీ పీకించి, యూపీవీసీ ఫ్రేముల్లో డబుల్ గ్లేజింగ్ పెట్టించాడు. చెన్నై వాళ్లొచ్చి బిగించారు. పదేళ్ల గ్యారంటీ. "ఇంక మన కిటికీలకి చావు లేదు అబ్బయా" అని ఫోన్లో ఒకటే గొప్పలు.

మొన్న సంక్రాంతికి వెళ్తే హాల్లో పెద్ద కిటికీ మజ్జిగ పోసినట్టు తెల్లగా ఉంది. అక్క న్యూస్ పేపర్ తడిపి లోపల తుడుస్తుంది, బయటికెళ్లి తుడుస్తుంది, మళ్లీ లోపలికొస్తుంది. "మూడు నెల్లుగా ఇదే పని. మురికి పోదేందిరా?"

పోదు. అది మురికి కాదు. ఈ కిటికీలో ఒక అద్దం కాదు, రెండుంటాయి. వాటి మధ్య సన్నటి అల్యూమినియం పట్టీ, ఆ పట్టీ లోపల తేమని పీల్చే గుళికలు, చుట్టూతా సీలు. కొత్త సెల్‌ఫోన్ డబ్బాలో చిన్న పొట్లం ఉంటుందే, అలాంటి సరుకే ఆ గుళికలు. సీలు ఎక్కడైనా విడిచిందంటే తేమగాలి లోపలికి దూరుతుంది. గుళికలు పీల్చగలిగినంత పీలుస్తాయి. వాటికీ కడుపు నిండాక అద్దాల మధ్య ఆవిరి పడుతుంది. దాన్ని తుడిచే గుడ్డ ఎవరి దగ్గరా లేదు.

ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. రాత్రంతా ఏసీ వేసిన గది కిటికీకి పొద్దున్నే బయటి వైపు చెమ్మ పడుతుంది. చేత్తో తుడిస్తే పోతుంది. అది మన కోస్తా గాలి మహిమే గానీ లోపం కాదు, దానికి కంపెనీ మీద ఎగిరితే మనమే నవ్వులపాలవుతాం. లోపలా బయటా తుడిచినా పోనిదే సీలు పోయిన కిటికీ.

బావ బీరువాలోంచి గ్యారంటీ కార్డు తీశాడు. నాలుగేళ్లలో దాన్ని చదవడం అదే మొదలు. పదేళ్లు ఫ్రేముకి. అద్దం సీలుకి అయిదేళ్లు. చక్రాలకి, హ్యాండిళ్లకి, తాళాలకి ఒక్క ఏడాది! ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి అవే కదా. అప్పటికే రెండు హ్యాండిళ్లు తిరగడం లేదు. వాటి మీద ఆశ వదిలేసుకున్నాం. అద్దానికి ఇంకా ఏడాది గడువుంది.

ఫోన్ చేస్తే చెన్నై ఆయన, "మీది సముద్రం పక్క సార్, వాతావరణం వల్ల అలా అవుద్ది" అన్నాడు. కొలతలు తీసుకోడానికి వచ్చినప్పుడు సముద్రం అక్కడ లేదా? రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "బిల్లు నంబరు చెప్పండి."

బావ మొహం చూడాలి. జీఎస్టీ మిగుల్తుందని బిల్లు వద్దన్నాడట. రొయ్యల చెరువుల్లో లక్షల లెక్క వేలికొసల మీద చెప్పే మనిషి! అక్క మూడు రోజులు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

అయినా దారి మూసుకుపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అమ్మినవాడి తప్పే, అది అక్రమ వ్యాపార పద్ధతుల కిందికొస్తుంది. బావ బ్యాంకు నుంచి పంపిన డబ్బు లెక్క ఉంది. కొలతలు, రేట్లు మాట్లాడుకున్న వాట్సాప్ ఉంది. సంతకం పెట్టిన కార్డుంది. పైగా షాపు చెన్నైలో ఉన్నా కేసు మనం ఉండే చోటే, అంటే నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు. ఇచ్చిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. లోపం బయటపడ్డ రెండేళ్లలోగా వెయ్యాలి, అంతే. అంతదూరం ఎందుకనుకుంటే ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు.

మేం ముందు ఫొటోలు తీశాం, ప్రతి కిటికీకీ తేదీతో సహా. ఇంకో పని కూడా చేశాం. ఫ్రేము అడుగున బయటివైపు నీళ్లు పోడానికి చిన్న కంతలుంటాయి. ఇసక చేరితే అవి మూసుకుపోయి, వాననీళ్లు అక్కడే నిలబడి అద్దం అంచుని నానబెడతాయి. సీలు చెడేది అక్కడే. "మెయింటెనెన్స్ లేదు" అని కంపెనీ తప్పించుకునేదీ అక్కడే. అక్క చీపురుపుల్లతో ఏ నెలకానెల శుభ్రం చేస్తూనే ఉంది కాబట్టి ఆ మాట మా మీద చెల్లలేదు.

ఈలోపు ఊళ్లో ఒకాయన వచ్చి, అద్దానికి బెజ్జం వేసి ఆవిరి ఆరబెడతానన్నాడు. వద్దన్నాం. విడిచిన సీలు విడిచినట్టే ఉంటుంది, మళ్లీ వానాకాలానికి అదే కథ. టఫెన్డ్ గ్లాసైతే బెజ్జం పడకముందే ముక్కలవుతుంది. గ్యారంటీ ఎలాగూ పోతుంది.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపాం. ఉత్తరంలో రెండే అడిగాం: ఫ్రేములు ఉంచి అద్దాల జోడీలు మార్చండి, కొత్త అద్దానికి కొత్త తేదీతో గ్యారంటీ రాసివ్వండి. పన్నెండో రోజున మనిషొచ్చాడు. మూడు కిటికీలకి అద్దాలు మార్చారు, కూలీ సగం బావ పెట్టుకున్నాడు. హ్యాండిళ్లు సొంత డబ్బుతో కొన్నాడు. ఈసారి అడిగి మరీ 316 గ్రేడు స్టీలు తెచ్చుకున్నాడు, ఉప్పుకి 304 కన్నా అదే మెరుగ్గా ఓర్చుకుంటుంది.

నాలుగో కిటికీ వంటింటిది. దానికింకా ఆవిరి పట్టలేదు. అక్క రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి చూస్తోంది. గ్యారంటీ వచ్చే మార్చి దాకే.