బందరు కోటకూ ఒక పూట కేటాయించాలి

కార్తీక పౌర్ణమి వస్తే జిల్లాలోని పల్లెలు బందరు బాట పడతాయి. చిలకలపూడిలో పాండురంగస్వామి దర్శనం, మంగినపూడిలో సముద్రస్నానం, తిరుగు ప్రయాణంలో పిల్లలకు బందరు లడ్లు. ఇంతటితో బందరు చూడటం అయిపోయిందని జనం బస్సులెక్కుతారు. గిలకలదిండి వైపు ఉన్న పాత కోట దగ్గర ఆగేవారు బహు కొద్దిమంది. దేశ చరిత్రలోనే చెప్పుకోదగిన ఆ రేవు ముంగిలిని సొంత జిల్లా ప్రజలే చూడకపోవడం శోచనీయం.

అక్కడ చూడటానికి ఏముందని అడిగేవారున్నారు. కొండపల్లి మాదిరి అది కొండమీది కోట కాదు. చుట్టూ పల్లపు చవుడు నేల. ఆవరణలో ఒక గంట గోపురం, శిథిలమైన ఆయుధాగారం, కొన్ని పాత గోడలు మిగిలాయి. వీటిని కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. అయితే గోడల ఎత్తు చూసి ఈ స్థలం విలువ కట్టరాదు. ఇక్కడ ఏం జరిగిందో తెలిసినవారికే ఆ గోడలు మాట్లాడతాయి.

బందరు అంటే పారశీక భాషలో రేవు. గోల్కొండ రాజ్యానికి ఇదే ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషు కంపెనీవారు ఇక్కడికి వచ్చారు. ఆ తరువాత ఫ్రెంచివారు చేరారు. డచ్చివారిని మనవాళ్లు వలందులని, ఫ్రెంచివారిని పరాసులని పిలిచేవారు. పట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. డచ్చివారి సమాధుల తోటలో 17వ శతాబ్దపు చెక్కడపు రాళ్లు ఇప్పటికీ చూడవచ్చు.

1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో, ఏడాదికి 500 వరహాల సుంకం చెల్లించి తన రాజ్యంలోని రేవుల్లో వర్తకం చేసుకునే హక్కు ఇంగ్లీషువారికి దక్కింది. 1641లో వారు తమ ముఖ్య కేంద్రాన్ని మద్రాసుకు మార్చుకున్నా బందరును వదులుకోలేదు. 1750లో కోట ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డు సేనలు రాత్రివేళ దాడిచేసి దానిని పట్టుకున్నాయి. ఫ్రెంచివారికి అండగా సైన్యంతో బయలుదేరిన హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ చివరకు ఇంగ్లీషువారితోనే ఒడంబడిక చేసుకుని, బందరును, చుట్టుపక్కల ప్రాంతాన్ని వారికి వదిలేశాడు. ఉత్తర సర్కారుల మీద కంపెనీ పెత్తనానికి తొలిమెట్టు ఈ ఆవరణలోనే పడింది.

తెల్లవాళ్ల పాత గోడలు మనకెందుకని కొందరనవచ్చు. ఇన్ని దేశాలవారు ఇక్కడికి ఎందుకు వచ్చారో ఆలోచిస్తే ఆ మాట నిలవదు. వారు వచ్చింది మన పల్లెల్లో నేసిన బట్ట కోసం. నేసిన గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టి, చెక్క అచ్చులతో అద్ది, పటిక పట్టించి, చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం తెప్పించేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఆ రంగును చూసి పరదేశీయులు అబ్బురపడ్డారు. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనడానికి వర్తకులకు ఈ బట్టలే చెల్లుబడి అయ్యేవి. పారశీక దేశానికీ ఐరోపాకూ ఓడల కొద్దీ సరుకు వెళ్లింది.

ఆ సంపదలో నేతగాడికి దక్కింది తక్కువే. కంపెనీవారు దళారుల ద్వారా ముందుగా బయానా ఇచ్చేవారు. ఆ అప్పు తీరేవరకు వేరేవారికి గుడ్డ అమ్మే స్వేచ్ఛ అతనికి ఉండేది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చిపడేసరికి మగ్గాలు మూలపడ్డాయి. అంతటి దెబ్బ తగిలినా అద్దకం పని పూర్తిగా అంతరించలేదు. పెడనలో అచ్చు అద్దే కుటుంబాలు ఈనాటికీ ఆ విద్యను కాపాడుకుంటూ వస్తున్నాయి. కోటను చూసినవారు పెడనకూ వెళ్లి ఒక్క అద్దకాన్ని దగ్గర నుంచి చూస్తే, ఆనాడు ఓడలు ఎందుకు వచ్చాయో ఎవరూ చెప్పనక్కరలేదు.

బందరు కోట గుర్తుచేసే విషయం మరొకటుంది. అది సముద్రపు పోటు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానులో సముద్రం 13 అడుగుల ఎత్తున పొంగి పట్నం మీద పడింది. పట్నంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను కలిపి సుమారు 30 వేలమంది చనిపోయారని అంచనా. పట్నం ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. తీరం వద్ద నీటి లోతు చాలక పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుని, సరుకును పడవల మీద చేరవేయవలసి రావడం కూడా రేవు వెనుకబడటానికి కారణమైంది.

113 ఏళ్ల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమ మీద మళ్లీ అదే ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొందివంటి గ్రామాల్లో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. ఆ తరువాత తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు కట్టారు, హెచ్చరికలు చేరవేసే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. 1990 మే నెలలో తీవ్రమైన తుపాను వచ్చినప్పుడు జనాన్ని ముందే తరలించడంతో ప్రాణనష్టం బాగా తగ్గింది. తాతల నాటి ఉప్పెన సంగతి మనవలకు తెలిసి ఉంటే, ఇల్లు వదిలి రమ్మన్నప్పుడు తాత్సారం చేసేవారు తగ్గుతారు. అందుకే ఈ జ్ఞాపకాన్ని పోగొట్టుకోరాదు.

ఈ దృష్టితో చూస్తే కోట విషయంలో చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదటిది, అక్కడి చరిత్రను పల్లెవారు చదువుకునే తేలిక తెలుగులో, పెద్ద అక్షరాలతో ఫలకాల మీద రాయించాలి. రెండవది, 1864లో నీరు ఏ ఎత్తుకు వచ్చిందో వచ్చినవారి కంటపడేలా గుర్తు ఉండాలి. అంకె చెప్పడం కంటే, తన తల పైన గీత చూపిస్తే పిల్లవాడికి బాగా అర్థమవుతుంది. మూడవది, పండుగ రోజుల్లో మంగినపూడికి నడిపే బస్సుల్లో కొన్నిటిని కోట మీదుగా తిప్పాలి. తాగునీరు, కూర్చునే నీడ, ముళ్లపొదలు లేని కాలిబాట ఉంటే వృద్ధులు కూడా వచ్చి చూడగలుగుతారు.

ప్రభుత్వం చేయవలసినవి ఇవి కాగా, ప్రజల వంతు కూడా కొంత ఉంది. పాత గోడల మీద పేర్లు చెక్కడం, ఇటుకలు పీకి పట్టుకుపోవడం మానాలి. గ్రామ పాఠశాలల ఉపాధ్యాయులు ఏడాదికొకసారి పిల్లలను కోటకు, పెడనకు తీసుకువెళితే పాఠ్యపుస్తకంలోని రెండు పుటలు కళ్లెదుట కనబడతాయి. 1977 ఉప్పెనను కళ్లారా చూసిన పెద్దలు ఇంకా పల్లెల్లో ఉన్నారు. వారిలో ఒకరిని పిల్లల వెంట తీసుకువెళ్లి, ఆ ఆవరణలోనే నాటి సంగతులు చెప్పించగలిగితే మరీ మంచిది.

2023 మేలో తపసిపూడి వద్ద కొత్త పోర్టు పనులు ప్రారంభమయ్యాయి. కొత్త రేవు వల్ల జిల్లాకు మేలు జరగాలనే అందరూ కోరుకుంటారు. అయితే పాత రేవు కథలో ఓడలవారు లాభం పొందారు, బట్ట నేసినవారు అప్పులపాలయ్యారు, ఉప్పెనకు బలైనవారిలో ఎక్కువమంది తీరాన్ని నమ్ముకున్న పేదలే. కొత్త రేవు దగ్గర ఆ కథ పునరావృతం కారాదంటే ముందుగా పాత కథ అందరికీ తెలియాలి. అధికారులు ఫలకాలు, బస్సుల విషయమై వెంటనే దృష్టి సారించాలి. ఈ కార్తీకంలో బందరు వెళ్లే ప్రతి కుటుంబమూ తన ప్రయాణంలో ఒక పూట కోటకు కేటాయించాలి.