మన రాత మన పేరు మీద ఉండాలి

గోదావరి జిల్లాల్లో తెలుగు రాస్తున్న పెద్దలకు, యువతకు విన్నపం

కౌలు చేలో వరి వేస్తాం. కొబ్బరి మొక్క పెట్టం. కాపుకొచ్చేసరికి ఆ చేను మన చేతిలో ఉంటుందో ఉండదో తెలియదు కదా. కోనసీమలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటిది రాత దగ్గరికొచ్చేసరికి మనవాళ్లు పదేళ్ల కథలు, పద్యాలు, ఊరి చరిత్రలు తీసుకెళ్లి ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టి నిశ్చింతగా ఉంటున్నారు. పోయిన సంక్రాంతికి పెట్టిన పోస్టు వెతికితేనే దొరకదు, మనవడి కాలానికి ఎక్కడ దొరుకుతుంది?

1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టినప్పుడు పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. ఆయన అంతటితో సరిపెట్టుకోలేదు, రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. లంచగొండులను, వితంతు వివాహాలకు అడ్డుపడేవాళ్లను ఎండగట్టిన పత్రికకు సొంత అచ్చుకూటం ఎంత బలమో వేరే చెప్పాలా! ఈనాడు అచ్చుకూటం కొనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉంటే చాలు.

ఇతరుల చోట రాసుకుంటే ఏమవుతుందో చూశాం. సామాజిక మాధ్యమం ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. రెండూ ముందే చెప్పి మూసినవే. అయినా సమయానికి చూసుకోనివాళ్ల రాతలు వాటితోపాటే పోయాయి.

బ్లాగు ఎక్కడ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. నా మాట ఇది: ఎక్కడైనా పెట్టండి, చిరునామా మాత్రం మీది కావాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్ మొదలుపెట్టడానికి చాలు. దానికి మీరు కొన్న సొంత డొమైన్ పేరు తగిలించుకోవచ్చు, అందుకు బ్లాగర్ డబ్బు తీసుకోదు. రేపు ఆ సేవ ఆగిపోయినా రాతలు మరోచోటికి మార్చుకుని, అదే పేరును అక్కడికి తిప్పుకోవచ్చు. పాఠకుడు ఎప్పటిలాగే పాత చిరునామాకే వస్తాడు. ‘.ఇన్’ పేర్లు చాలావరకు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. తెలుగు లిపిలో ‘.భారత్’ పేర్లు కూడా ఉన్నాయి. కొనేటప్పుడు మీ పేరు, మీ ఈమెయిలు, మీ ఫోను నంబరు ఇవ్వండి. సైటు చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో కొన్నారో, అతను ఊరు మారి రెన్యువల్ మరిచిపోతే కొన్నాళ్లకు మీ పేరు ఇంకొకరు కొనుక్కోవచ్చు.

సర్వర్ అద్దెకు తీసుకుని వర్డ్‌ప్రెస్ పెట్టుకోమని కొందరు చెబుతారు. స్వేచ్ఛ ఎక్కువే, చాకిరీ కూడా ఎక్కువే. అప్‌డేట్లు వేసుకునే ఓపిక లేనివారు ఆ జోలికి పోకపోవడమే మంచిది. పట్టించుకోని సైట్లలోకే హ్యాకర్లు ముందు చొరబడతారు.

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు రెండో ప్రతి విలువ తెలుసు. బ్లాగర్‌లో బ్యాకప్ తీస్తే రాతలు వస్తాయి, ఫొటోలు కూడా వచ్చాయో లేదో చూసుకోండి. రాకపోతే వాటిని విడిగా దాచుకోవాలి. డీటీపీ చేయించిన పుస్తకాలు అను ఫాంట్లలోనే ఉండిపోయి ఉంటే యూనికోడ్‌లోకి మార్పించి, ప్రూఫు చూసుకోండి. అప్పుడే అవి వెతికితే దొరుకుతాయి.

ఇంట్లోవాళ్లకు తాళం ఇవ్వడం మరీ ముఖ్యం. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. రాసిన మనిషి పోయాక పాస్‌వర్డు తెలిసినవారు లేకపోతే ఆ రాతలకు దిక్కెవరు? డొమైన్ ఏ కంపెనీలో కొన్నారో, రెన్యువల్ ఏ నెలలో కట్టాలో ఒక కాగితం మీద రాసి పొలం దస్తావేజుల పక్కన పెట్టండి.

ఇదంతా పెద్దవయసు వారికి ఒంటరిగా చేతనయ్యే పని కాదు. 1898 నాటి వాసురాయ గ్రంథాలయాన్ని తనలో కలుపుకున్న రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం తాళపత్రాలను కాపాడుతున్న చోటు. నెలకో ఆదివారం అక్కడ ఒక బల్ల, ఒక కంప్యూటరు వేసి, రచయితలకు పేరు కొనిపెట్టి, రాతలు దించిపెట్టే ఏర్పాటు చేయాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు గ్రంథాలయాలూ ఆ పని తలకెత్తుకోవాలి. సాహితీ సంస్థలు సన్మానాల ఖర్చులో ఒక శాలువా తగ్గించుకుంటే ఒక రచయిత పేరుకు ఏడాది రెన్యువల్ వస్తుంది.

ఈ కరపత్రం చదివినవారు పేరు రేపు కొనుక్కోండి. ఈ రాత్రికి మాత్రం మీ పాత రాతలన్నీ దించుకుని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇంట్లోవాళ్లకు చూపించండి.