మానసిక వైద్యం ఫోనులో - ఖర్చు కలిసివస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 26. బైపోలార్ జబ్బని చెప్పి రెండేళ్లుగా లిథియం మాత్రలు ఇస్తున్నారు. బాగా గుణం కనిపించింది. కాని నెలనెలా తోడు వెళ్లి విశాఖపట్నంలో చూపించాలంటే బస్సు ఛార్జీలు, భోజనాలు, ఇద్దరి కూలి పోతున్నాయి. మూడు వారాల క్రితం మాత్రలు మానేశాడు. ఆ డాక్టరుగారితోనే ఫోనులో మాట్లాడవచ్చని అంటున్నారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా?
- ఒక సోదరి, పాడేరు

జవాబు: అమ్మా, అన్నిటికంటే పెద్ద ఖర్చు మాత్రలు మానేయడమే. లిథియం హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అప్పుడు ఆసుపత్రిలో చేర్చాలి, వారాల తరబడి ఇద్దరి కూలీ పోతుంది. ఈ రోజే డాక్టరుగారికి ఫోను చేయండి. పాత మోతాదు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు.

ఫోనులో వైద్యానికి 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వ నిబంధనలు వచ్చాయి. ఫీజు తగ్గుతుందని ఆశపడకండి. నేరుగా చూసినప్పటి ఫీజే తీసుకోవచ్చు. మీకు మిగిలేది ప్రయాణపు ఖర్చు, పోయే కూలి. స్వయంగా చూపించి ఆరు నెలలు దాటకపోతే, అదే జబ్బుకు అదే డాక్టరు ఫోనులో మందులు కొనసాగించవచ్చు. దాటితే మళ్లీ మొదటిసారి చూపించినట్టే లెక్క.

అయితే ఫోను రక్తపరీక్ష చేయలేదు. లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు అప్పుడప్పుడు తప్పనిసరి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. దగ్గరలో చేయించి, ఫలితం డాక్టరుగారికి పంపండి. ఆయన ఒప్పుకుంటే నెలనెలా ఫోను, ఆరు నెలల లోపు ఒకసారి ప్రయాణం సరిపోవచ్చు.

ఈ మందు వాడుతుండగా చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా ఫోనుతో కాలక్షేపం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రెండు రాత్రులు నిద్రపోకుండా అదేపనిగా మాట్లాడుతున్నా, చస్తానన్నా అంతే. అలా అన్నప్పుడు ఒంటరిగా వదలవద్దు.

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. కాని అది మీ డాక్టరుకు బదులు కాదు.

మిగిలిన బస్సు డబ్బులో కొంత రక్తపరీక్షకు దాచండి. అప్పుడే ఆ మిగులు నిజమైన మిగులు.