గట్టు తీసినా గడి పోదు

గడి అనగానే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జ్ఞాపకం వస్తుంది. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ, ముసలివాళ్ళకు పచ్చీసు, వారపత్రిక రాగానే వెనకనుంచి తిప్పేవాళ్ళకు గళ్ళ నుడికట్టు. విజయవాడలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడికి మాత్రం గడి అంటే అన్నం పెట్టే తల్లి. పట్టికల్లోని గళ్ళను యంత్రం చేత చదివించటం అతని పని.

"గళ్ళకోసం ఒక క్లాసు రాశాను మాస్టారూ!" అన్నాడు మొన్న.

ఇన్నేళ్ళుగా క్లాసు చెప్పటం ఎరుగుదును గాని, క్లాసు రాయటం వినలేదు. అతను చెప్పింది నా భాషలో చెబుతాను. రామశబ్దం ఒక్కటి వల్లిస్తే చాలు, కృష్ణుడికీ గోవిందుడికీ అదే దారి గదా! క్లాసు కూడా అట్లాంటి మూసే. గడిలో వున్నది అంకెయా, మాటయా, తేదీయా. అది ఎన్ని అడ్డు వరసలు, ఎన్ని నిలువు వరసలు ఆక్రమించింది. ఇవన్నీ ఒకసారి రాసిపెడితే, లక్ష గళ్ళు వచ్చినా ఆ మూసలోనుంచే పుట్టుకొస్తాయి.

ఆ గళ్ళు నిలవ వుండే పద్ధతి పేరు ఎక్స్ఎమ్ఎల్. 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వెలువడింది. వంటింట్లో డబ్బాలమీద కందిపప్పు, మినప్పప్పు అని చీటీలు అంటించినట్లే, ప్రతి విషయానికీ ముందొక చీటీ, వెనకొక చీటీ. ఆ చీటీమీద పేరు ఇంగ్లీషులోనే వుండాలన్న నియమం లేదు. "గడి" అని శుభ్రంగా తెలుగు లిపిలో రాసినా ఒప్పుకుంటుంది. తెలుగు మాస్టారికి ఇంతకన్న తీపికబురు ఏముంటుంది?

చిక్కల్లా రెండు గళ్ళను కలిపి ఒకటి చేసినప్పుడు వస్తుంది. దీనికి కంప్యూటరు దాకా పోనక్కర లేదు, మన డెల్టా చాలు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటినుంచీ ఇక్కడి నేలంతా మళ్ళూ గట్లూ. వేరువేరు సర్వే నంబర్లలోని రెండు మళ్ళ మధ్య గట్టు తీసేస్తాడు రైతు. కంటికి మడి ఒక్కటే. రికార్డులో నంబర్లు రెండూ బతికే వుంటాయి. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతి చేసేదీ ఇదే. కలిసిపోయి కప్పబడిన గడికి కూడా ఒక చీటీ రాసి, దాని చోటు దానికి వుంచుతుంది. ఖాళీ గళ్ళు వరసగా ఐదుంటే మాత్రం ఒక్కటే రాసి, "ఐదు మార్లు" అని గుర్తు పెట్టగలదు. వెబ్ పేజీల పట్టికల్లో కప్పబడిన గడికి చోటే వుండదు. చదివేవాడే లెక్క కట్టుకోవాలి.

ఈ లెక్క తెలియని క్లాసు చేతిలో పడితే గళ్ళన్నీ ఎడమకు జరిగిపోతాయి. అడంగల్‌లో పట్టాదారు పేరుకొక గడి, అనుభవదారు పేరుకొక గడి, పైరుకొక గడి. ఒక్క అడుగు జరిగిందా, అనుభవదారు పట్టాదారవుతాడు, వరి అనుభవదారవుతుంది! నవ్వుకోవటానికి బాగానే వుంది. కాని తుఫానుకు చేను పడిపోయిననాడు, ఈ పంట వేసింది నేనేనని చెప్పుకోవటానికి కౌలురైతుకు ఆ గడి కూడా అక్కరకు రావచ్చు. ఖాళీ గడి సంగతీ అంతే. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడూ, పరీక్షకే రానివాడూ ఒకటి కాదు గదా!

1984లో కరణాల ఉద్యోగాలు రద్దయినాయి. కరణంగారి కలం ఒకచోట జారితే, అరుగుమీద కూర్చున్న పదిమందిలో ఒకరైనా గుర్తుపట్టే వీలుండేది. యంత్రం జారితే లక్ష వరసలూ ఒకే తీరుగా, ముచ్చటగా జారుతాయి. చూసేవాడికి అనుమానమే రాదు.

"మరి నీ క్లాసు ఏం చేస్తుందోయ్?" అన్నాను.

"ప్రతి వరసలోనూ గళ్ళు లెక్కపెట్టి శీర్షికల వరసతో సరిచూస్తుంది మాస్టారూ. ఒక్కటి తగ్గినా ముందుకు పోదు. ఫలానా వరస సరిగా లేదని చెప్పి ఆగిపోతుంది."

తెలియనప్పుడు ఆగటం మనుషులకే కష్టమైన విద్య. దాన్ని యంత్రానికి నేర్పిన కుర్రవాడికి నేను మార్కులు వేసేశాను.

మీరుకూడా ఈసారి అడంగల్ తీసుకున్నప్పుడు, పేరు కనిపించింది గదా అని కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. పేరు వుండటం వేరు, తన గడిలో వుండటం వేరు.