తడికాలిని అడగండి
తమిళనాట మా కారియాపట్టిలో బాత్రూం నేల మార్పించేవాళ్లకు నా మాట ఒకటే: అద్దంలా మెరిసే టైల్స్ వద్దు. సబ్బునీళ్లు పడ్డ నేల మీద మా అవ్వ గోడ పట్టుకుని, కాలివేళ్లు ముడిచి అడుగులో అడుగు వేయడం కళ్లారా చూశాను. 1 అడుగు చదరం గరుకు టైల్స్ వేయించండి. ముక్క చిన్నదైతే జాలీ వైపు వాటం సులువుగా కుదురుతుంది, సందులు కాలికి పట్టునిస్తాయి. తమిళులు కూడా ‘కడప్పా కల్లు’ అనే మన కడప రాయీ మంచిదే, పాలిష్ పట్టనిదైతే. కానీ అది సున్నపురాయి జాతి; యాసిడ్ పోసి కడిగితే అది రాయిని తినేస్తుంది. ఇంకోటి, మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది; దాంతో పైనున్న నేల కదిలి టైల్స్ పట్టు వదలొచ్చు. అందుకే పాత టైల్స్ మీదే కొత్తవి అంటిస్తామంటే ముందు తట్టి చూడండి, డొల్లగా మోగితే పెకలించాల్సిందే. కొట్లో టైలు నచ్చిందా? చెంబెడు నీళ్లు పోయించి, చెప్పులు విడిచి దాని మీద నిలబడండి.